కోళ్లకు తాపిన గోళీలు

అనంతగిరి మండలంలోని ఒక పల్లె నుంచి ఒక తల్లి పదేళ్ల కుర్రాణ్ణి నా దగ్గరకు తీసుకువచ్చింది. న్యుమోనియాకు నేను రాసిచ్చిన యాంటిబయాటిక్ క్యాప్సూళ్లు వాడినా జ్వరం తిరగబెట్టింది. “మందు పూర్తిగా వాడావా అమ్మా?” అని అడిగాను.

“మూడోనాటికి నెమ్మదించింది సారూ. మిగిలిన గోళీలు నీళ్లల్ల కలిపి కోళ్లకు తాపిన. వాటికి రోగమొచ్చింది” అన్నది. ఆరు కోళ్లలో బతికింది ఒక్కటే!

నేను పశువైద్యుణ్ణి కాను. కాని ఈ పొరపాటు మీ ఇంట్లోనూ జరగవచ్చు కనుక చెబుతున్నాను.

కోడి ఆకుపచ్చగా పారుతూ, నోరు తెరిచి ఎగపోస్తూ, మెడ మెలితిప్పుకుంటూ ఉంటే అది చాలావరకు కొక్కెర తెగులు. దీన్నే రాణీఖేత్ వ్యాధి అంటారు. ఇది వైరస్ జబ్బు. యాంటిబయాటిక్స్ బాక్టీరియాను చంపుతాయే గాని వైరస్‌ను ఏమీ చేయలేవు. బాక్టీరియా వల్ల వచ్చే కోళ్ల జబ్బులూ ఉన్నాయి. ఏది ఏదో తేల్చవలసింది పశువైద్యుడు.

అనవసరంగా వాడితే నష్టమేమిటంటారా? మందుకు లొంగని సూక్ష్మజీవులు పుట్టుకొస్తాయి. మందు గుడ్డులోకి, మాంసంలోకి చేరుతుంది. కొలిస్టిన్ అనే మందును ప్రాణాపాయంలో ఉన్న రోగులకోసం కాపాడుకోవాలనే 2019లో కేంద్రప్రభుత్వం కోళ్లకు, పశువులకు వాడరాదని నిషేధించింది.

మరేం చేయాలి? కొక్కెర తెగులుకు టీకా ఉంది. పిల్లలకు మొదటి వారంలో లసోటా చుక్క కంట్లోనో ముక్కులోనో వేస్తారు. ఎనిమిది వారాలకు ఆర్‌టూబీ సూదిమందు. సీసా కలిపాక కొద్ది గంటల్లోనే వాడేయాలి కనుక వాడకట్టంతా కలిసి ఒకేరోజు వేయించుకోండి. జబ్బు కోడిని వేరుగా ఉంచండి. పశువైద్యుడు మందిస్తే, ఆయన చెప్పినన్ని రోజులు దాని గుడ్లు తినకండి.

చచ్చిన కోడిని, చావబోయే కోడిని కూర వండకండి. లోతుగా పాతిపెట్టండి. కోళ్లు ఒక్కసారిగా రాలిపోతే పశువైద్యశాలకు వెంటనే తెలపండి. అది బర్డ్ ఫ్లూ కావచ్చు. 2025లో పల్నాడు జిల్లాలో ఒక పసిబిడ్డ ఆ వ్యాధితోనే మరణించింది. పచ్చిమాంసం పిల్లల చేతికి అందనివ్వకండి. ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కోండి.

ఆ కుర్రాడు మళ్లీ మందు మొదలుపెట్టి, ఈసారి పూర్తిగా వాడి కోలుకున్నాడు. వాళ్లమ్మ ఇప్పుడు కోళ్లకు టీకా వేయిస్తోంది. మీరూ వేయించండి.