దగ్గు లేని క్షయ కూడా ఉంటుంది



"నాకు దగ్గే లేదు కదా, టి.బి. ఎట్లొస్తుంది?" మేము తరచు వినే ప్రశ్న ఇది. క్షయ అంటే దగ్గు, కళ్లెలో రక్తం, చిక్కిపోయిన శరీరం అని మనమందరమూ పెద్దల నుండి విన్నాము. అది నిజమే గాని, పూర్తి నిజం కాదు.

క్షయ క్రిమిని 1882లో రాబర్ట్ కోక్ కనుగొన్నారు. ఈ క్రిమి గాలి ద్వారా ఊపిరితిత్తులలో చేరుతుంది. అక్కడి నుండి రక్తం ద్వారా శరీరంలో ఏ భాగానికైనా పోగలదు.

ఎక్కడెక్కడ రావచ్చు?

మెడ: నొప్పి లేని గడ్డలు నెమ్మదిగా పెరిగి, ఒక్కోసారి పగిలి చీము కారుతాయి. పసర్లు కట్టడం వల్ల కాలం వృథా అవుతుంది.

వెన్నెముక: "శెనక్కాయ చెట్లు పెరికితే నడుము పట్టింది" అని చాలామంది ఊరుకుంటారు. పని నొప్పి విశ్రాంతితో తగ్గుతుంది. వారాల తరబడి తగ్గక, రాత్రిళ్లు ఎక్కువై, జ్వరం కూడా ఉంటే వెంటనే రండి. ఆలస్యమైతే గూని ఏర్పడి, కాళ్లు పడిపోవచ్చు.

మెదడు: పిల్లలలో రోజుల తరబడి జ్వరం, తలనొప్పి, వాంతులు, మత్తు ఉంటే ఒక్కరోజు కూడా ఆగవద్దు.

పొట్ట, మూత్రపిండాలు, గర్భసంచి, ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొర కూడా దీని బారిన పడవచ్చు. సంతానం కలగకపోవడానికి ఒక్కోసారి ఇదే కారణం.

షుగరు, హెచ్.ఐ.వి. ఉన్నవారిలోను, వృద్ధులలోను లక్షణాలు స్పష్టంగా కనిపించకపోవచ్చు. తాడిపత్రి ప్రాంతంలో బండలు కోసే, పాలిష్ చేసే పనివారు రాతిదుమ్ము పీల్చడం వల్ల వారికి క్షయ ముప్పు ఎక్కువ.

వైద్యుల అభిప్రాయం ఎలా మారింది?

1915లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో మిషన్ సంఘాలు కలిసి శానిటోరియం తెరిచినప్పుడు మంచి గాలి, విశ్రాంతి, ఆహారమే ముఖ్య చికిత్స. మందులు వచ్చాక, 1959లో వెలువడిన మద్రాసు పరిశోధన ఇంట్లో ఉండి మందులు వాడినా శానిటోరియంలో ఉన్నంతగా నయమవుతుందని చూపింది.

ఇప్పుడు మరో అభిప్రాయం మారింది. 2019–21లో మన దేశంలో జరిగిన సర్వేలో క్షయ నిర్ధారణ అయినవారిలో సుమారు 43 శాతం మంది, ఎక్స్‌రే తీయకుండా లక్షణాలు మాత్రమే అడిగి ఉంటే దొరికేవారు కారు. అంటే దగ్గు మొదలవక ముందే జబ్బు ఊపిరితిత్తులలో ఉండవచ్చు.

దీనికి తిరుగు కూడా నిజమే. ప్రతి దగ్గూ క్షయ కాదు. ఎక్స్‌రేలో మచ్చ న్యుమోనియా కావచ్చు, రాతిదుమ్ము జబ్బు కావచ్చు, క్యాన్సర్ కావచ్చు, ఎప్పుడో నయమైన క్షయ గుర్తు కావచ్చు. అందుకే ఊహతో మందులు మొదలుపెట్టవద్దు. కళ్లె గాని, గడ్డలో నుండి సూదితో తీసిన నీరు గాని పరీక్ష చేయాలి. సీబీనాట్ పరీక్ష సుమారు 2 గంటలలో క్రిమినీ, రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకు అది లొంగుతుందో లేదో కూడా చూపుతుంది.

మీరు చేయవలసినవి

రెండు వారాలు దాటిన దగ్గు, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రి చెమటలు, తగ్గని గడ్డ: వీటిలో ఏది ఉన్నా పరీక్ష చేయించుకోండి.

మందులు సాధారణంగా 6 నెలలు. ఎముక, మెదడు క్షయకు ఏడాది లేదా అంతకు మించి వాడాలి. ప్రభుత్వ ఆసుపత్రులలో ఇవి ఉచితం. 2024 నవంబరు నుండి పోషణకు నెలకు 1,000 రూపాయలు కూడా ఇస్తున్నారు. కరువుకు బెంగళూరు పనికి వెళ్లవలసివస్తే ముందుగా చెప్పండి. అక్కడే మందులు అందేలా చీటీ రాసిస్తారు. మధ్యలో మానితే జబ్బు మొండిదవుతుంది.

ఊపిరితిత్తులలో కాక గడ్డలోనో, ఎముకలోనో మాత్రమే ఉన్న క్షయ సాధారణంగా ఇతరులకు అంటదు. కనుక ఆ ఇంటివారిని దూరం పెట్టవద్దు. మీ వీధిలో, మీ సంఘంలో ఎవరైనా నెలల తరబడి నడుము పట్టుకుని కూర్చుంటే, ఒకసారి తోడుగా ఆసుపత్రికి తీసుకురండి. సకాలంలో వస్తే వారు తిరిగి తమ కాళ్లతో నడిచి ఇంటికి వెళ్లగలరు.