ఆరు వారాల్లో సెమిస్టర్ చదువు: వేసవి ఆన్‌లైన్ కోర్సుకు ప్రణాళిక ఇలా

వార్షిక పరీక్షల హడావుడి ముగిసి డిగ్రీ కళాశాలలకు వేసవి సెలవులు ప్రకటించగానే పలువురు విద్యార్థులు ఆన్‌లైన్ కోర్సుల వైపు దృష్టి సారిస్తారు. మిగిలిపోయిన పేపరు పూర్తి చేసుకోవాలన్నది కొందరి ఆలోచన కాగా, రానున్న సెమిస్టర్ భారం తగ్గించుకోవాలన్నది మరికొందరి ఆశ. ఇంటివద్ద ఉండి చదవడం తెలుగునాట కొత్త విషయం కాదు. దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో ఇక్కడే వెలసింది. పదిహేను వారాల పాఠాన్ని ఐదారు వారాలకు కుదించడమే ఇక్కడి కొత్తదనం. కాలం తగ్గినా సిలబస్ తగ్గదు. ఈ తేడాను గుర్తించకుండా కాలపట్టిక వేసుకుంటే రుసుముతో పాటు సెలవులూ వృథా అయ్యే ప్రమాదముంది.

లెక్క గంటల్లోనే

జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ 2023లో అమల్లోకి వచ్చింది. దీని ప్రకారం ఏడాదికి 1200 గంటల అభ్యాసాన్ని 40 క్రెడిట్లుగా పరిగణిస్తారు. అంటే ఒక్కో క్రెడిట్‌కు 30 గంటలు. తరగతి వినడం, స్వయంగా చదవడం, అసైన్‌మెంట్లు రాయడం, పరీక్షకు సిద్ధం కావడం అన్నీ ఇందులోనే ఇమిడి ఉంటాయి.

ఈ లెక్కన మూడు క్రెడిట్ల కోర్సుకు 90 గంటలు కావాలి. పదిహేను వారాల సెమిస్టర్‌లో వారానికి 6 గంటలు సరిపోతాయి. అదే కోర్సు ఆరు వారాలదైతే వారానికి 15 గంటలు వెచ్చించాలి. సెమిస్టర్‌లో రెండు రోజులు జ్వరంతో పడుకుంటే పోయేది రెండు గంటల చదువు. వేసవి కోర్సులో ఐదారు గంటలు వెనకబడినట్లే. ఒకేసారి రెండు కోర్సుల్లో చేరితే ఈ భారం రెట్టింపవుతుంది. ఇంటి పనులో, కూలి పనులో ఉన్న విద్యార్థి ఒక్క కోర్సుతో సరిపెట్టుకోవడం మేలు.

ఐదు రోజులు చదువు.. ఆరో రోజు బకాయికి

వారానికి 15 గంటలను సోమవారం నుంచి శుక్రవారం వరకు రోజుకు మూడు గంటల చొప్పున సర్దుకోవచ్చు. ఇందులో గంట పాఠం వినడానికి, గంట పుస్తకం చదివి నోట్సు రాసుకోవడానికి, 40 నిమిషాలు అసైన్‌మెంట్‌కు, 20 నిమిషాలు పాత పాఠాల పునశ్చరణకు కేటాయించాలి. ఆరు వారాల్లో 30 రోజులు ఇలా చదివితే 90 గంటలు పూర్తవుతాయి.

శనివారాన్ని పూర్తిగా బకాయిల కోసం వదిలేయాలి. కరెంటు పోయినా, ఇంట్లో పెళ్లి వచ్చినా, ఒంట్లో బాగోలేకపోయినా ఆ వారం మిగిలిన పాఠం ఆ శనివారమే తీరిపోవాలి. బకాయి మరుసటి వారానికి చేరితే అది పేరుకుపోతూనే ఉంటుంది. ఆదివారం విశ్రాంతి.

పునశ్చరణకు ఇచ్చిన 20 నిమిషాలను తేలికగా తీసుకోరాదు. విన్న విషయం ఎంత త్వరగా మరపున పడుతుందో జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే ప్రయోగపూర్వకంగా చూపారు. ఒకే బిగిన చదవడం కన్నా విడతలుగా చదివితే ఎక్కువ నిలుస్తుందనీ ఆయన గుర్తించారు. పాఠాలు వేగంగా సాగే వేసవి కోర్సుకు ఇది మరింత వర్తిస్తుంది.

పరీక్ష తేదీ నుంచి వెనక్కి

కాలపట్టికను మొదటి రోజు నుంచి కాక, చివరి పరీక్ష నుంచి వెనక్కి వేసుకుంటూ రావడం సరైన పద్ధతి. ఆరో వారాన్ని పునశ్చరణకు, పాత ప్రశ్నపత్రాలకు కేటాయించాలి. మిగిలిన ఐదు వారాల్లో 25 పని దినాలుంటాయి. సిలబస్‌లో ఐదు యూనిట్లుంటే అన్నిటికీ సమానంగా ఐదేసి రోజులు పంచనక్కర్లేదు. సులువైన యూనిట్‌కు నాలుగు రోజులు, కఠినమైన దానికి ఆరు రోజులు ఇవ్వవచ్చు. కఠినమైన యూనిట్‌ను వీలైతే రెండో వారంలోనే చేపట్టాలి. చివరికి నెట్టితే అలసట, పరీక్ష భయం రెండూ తోడవుతాయి.

అధ్యాపకులు గమనించాల్సినవి

కోర్సు నిర్వహించే కళాశాలలు పాఠాలు, అసైన్‌మెంట్లు, పరీక్షల తేదీలన్నింటినీ మొదటి రోజే ఒకే పేజీలో ఇవ్వాలి. మధ్యలో తేదీలు మార్చితే కుదించిన కోర్సులో సర్దుకునే వ్యవధి ఉండదు. గడువును ఆదివారం అర్ధరాత్రికి పెట్టడం కన్నా, సందేహం వస్తే అధ్యాపకుడు అందుబాటులో ఉండే పని దినం సాయంత్రానికి పెట్టడం విద్యార్థికి ఉపయుక్తం.

ఎన్‌పీటెల్ కోర్సుల పద్ధతి ఇక్కడ అనుసరణీయం. అక్కడ పన్నెండు వారాల కోర్సులో ఉత్తమంగా రాసిన ఎనిమిది అసైన్‌మెంట్లను, ఎనిమిది వారాల కోర్సులో ఆరింటిని, నాలుగు వారాల కోర్సులో మూడింటిని మాత్రమే లెక్కలోకి తీసుకుంటారు. ఒకటి రెండు తప్పిపోయినంత మాత్రాన విద్యార్థి కోర్సు మానుకోవాల్సిన పనిలేదు.

ప్రత్యక్ష తరగతి వేళను నిర్ణయించే ముందు విద్యార్థులను విచారించడం అవసరం. భద్రాచలం ఏజెన్సీలో వేసవి అంటే తునికాకు సేకరణ కాలం. నూజివీడు, జగిత్యాల వంటి మామిడి ప్రాంతాల్లో కోతల కాలం. తెల్లవారుజామునే పనికి వెళ్లేవారికి ఉదయం తరగతి అందదు. రోళ్లు పగిలే రోహిణీ కార్తెలో మధ్యాహ్నం రేకుల ఇంట్లో కూర్చుని వినడమూ కష్టమే. సాయంత్రం వేళ అనుకూలమైన చోట దాన్నే ఎంచుకోవాలి. ఏ వేళ పెట్టినా ప్రతి తరగతినీ రికార్డు చేసి అందుబాటులో ఉంచాలి.

ఒకే ఫోను ఉన్న ఇంట్లో..

ఇద్దరు పిల్లలకు ఒకే ఫోను ఉన్న ఇళ్లలో ఎవరికి ఏ వేళ అన్నది ముందే రాసుకోవాలి. పాఠాలను తక్కువ నాణ్యతలో చూస్తే డేటా ఆదా అవుతుంది. డౌన్‌లోడ్ సదుపాయమున్న చోట సిగ్నల్ బాగా ఉన్నప్పుడే దించుకోవడం మంచిది. నెట్ అందని చోట 2017లో ప్రారంభమైన స్వయంప్రభ టీవీ చానళ్లను పరిశీలించవచ్చు. వీటిలో రోజుకు కనీసం నాలుగు గంటల కొత్త పాఠాలను ప్రసారం చేసి, వాటినే రోజంతా పునఃప్రసారం చేసే ఏర్పాటు ఉంది. వీలైన వేళ చూసుకోవచ్చు.

చేరే ముందే అడగాలి

కోర్సు పూర్తి చేసినంత మాత్రాన క్రెడిట్లు వాటంతట అవే జమ కావు. స్వయం వేదిక ద్వారా ఒక సెమిస్టర్‌లో 40 శాతం వరకు కోర్సులు చదివే వెసులుబాటును యూజీసీ 2021 నిబంధనల్లో కల్పించింది. అయితే ఏ కోర్సును ఏ పేపరుకు సమానంగా గుర్తిస్తారన్నది విద్యార్థి చదివే విశ్వవిద్యాలయం నిర్ణయిస్తుంది. అందువల్ల రుసుము చెల్లించకముందే కళాశాల పరీక్షల విభాగంలో అడిగి తెలుసుకోవాలి. తుది పరీక్ష ఇంటివద్దనా, కేంద్రానికి వెళ్లి రాయాలా, ఆ తేదీ మరే ప్రవేశ పరీక్షతోనైనా ఢీకొంటుందా అన్నదీ సరిచూసుకోవాలి.

తల్లిదండ్రుల సహకారం లేనిదే ఈ ప్రణాళిక నిలవదు. సెలవుల్లో ఫోను పట్టుకుని కూర్చున్న అమ్మాయి కాలక్షేపం చేస్తోందని భావించి ఇంటిపని అప్పగించే సందర్భాలు తక్కువేమీ కాదు. రోజువారీ వేళలను తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటిస్తే ఆ మూడు గంటలు ఆమెవేనని ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది.