ఆవలింత దోషమా? దేహధర్మమా?



పటమటలో సాయంకాలం ఏ పురాణ కాలక్షేపానికి వెళ్ళినా ఒక దృశ్యం కనిపిస్తుంది. ముందువరుసలో ఒకరు ఆవలిస్తారు. వారిని చూచి ప్రక్కవారు, వారిని చూచి వెనుకవారు ఆవలిస్తారు. పెద్దలు వెంటనే నోటి ముందు చిటికెలు వేసి, "కృష్ణ, కృష్ణ" అని, అపచారం జరిగినట్లు తలవంచుకొంటారు. ఇందులో నిజంగా అపచారమున్నదా?

భాగవత దశమస్కంధంలో పాలు త్రాగిన బాలకృష్ణుడు తల్లి ఒడిలో ఆవలించినప్పుడే యశోదకు ఆ నోట ఆకాశము, సూర్యచంద్రులు, సముద్రాలు, పర్వతాలు గోచరించాయి. చరకసంహిత సూత్రస్థానం 7వ అధ్యాయం బలవంతాన ఆపరాని 13 వేగాలలో ఆకలి, దప్పిక, తుమ్ము, నిద్రలతో పాటు ఆవలింతనూ చేర్చింది. పూర్వులు దీనిని దోషమనలేదు, దేహధర్మమన్నారు.

మరి కారణమేమి? రక్తంలో ప్రాణవాయువు తగ్గినందువలన ఆవలిస్తామని చాలాకాలం చెప్పుకొన్నారు. అమెరికాలో రాబర్ట్ ప్రొవైన్ బృందం కొందరిచేత శుద్ధమైన ప్రాణవాయువును, వేరొకమారు బొగ్గుపులుసు వాయువు హెచ్చుగా కలిసిన గాలిని పీల్పించి చూచి, 1987లో ఫలితాలు ప్రకటించింది. ఆవలింతలలో చెప్పుకోదగిన మార్పు రాలేదు. ఊపిరితిత్తులతో గాలి పీల్చని గర్భస్థ శిశువు సైతం ఆవలించడం స్కానింగులో కనిపిస్తుంది. కనుక ఆ వాదం నిలువలేదు.

మెలకువ నుండి మగతకు, మగత నుండి మెలకువకు మారే సంధివేళలలో ఆవలింతలు అధికం. దవడ సాగి, గాలి లోతుగా లోనికి పోయి మెదడు కొంత చల్లబడుతుందని కొందరు శాస్త్రజ్ఞుల అభిప్రాయం. అది ఇంకా సిద్ధాంతంగా స్థిరపడలేదు. ఒకరిని చూచి ఒకరు ఆవలించడం మాత్రం పసిపిల్లలలో అరుదు; నాలుగైదేండ్ల వయస్సు నుండి అది స్పష్టమవుతుంది.

ప్రవచనంలో ఆవలిస్తే పోయేదేమీ లేదు. కాని మన ఆటోనగర్ నుండి లారీతో బయలుదేరి, తెల్లవారుజామున జాతీయ రహదారిపై స్టీరింగు పట్టిన సోదరునికి వరుసగా ఆవలింతలు వస్తే, అది నిద్ర ముంచుకొని రానున్నదన్న హెచ్చరిక. అప్పుడు చిటికెలు చాలవు, కిటికీ గాలి చాలదు, పాట చాలదు. బండిని సురక్షితమైన చోట నిలిపి, కొంతసేపు నిద్రించడమే మార్గం. ఇంటివద్ద ఎదురుచూచే బిడ్డలకు ఆలస్యంగానైనా తండ్రి రావడమే కావాలి.

రాత్రి చాలినంత నిద్రపోయినా పగలంతా విడువక ఆవలింతలు వచ్చేవారు వైద్యునికి చెప్పుకోవడం మంచిది.

చిటిక వేయడం మన ఆచారం, తప్పక వేయండి. అయితే అది సిగ్గును దాచుకొనే చిటిక కారాదు. అలసిన దేహం పలికిన మాట విన్నామని తెలిపే చిటిక కావాలి.

స్వస్తి.