చుక్కయు గీతయు

ధర్మవరము నుండి పాకాలకు పోవు రైలుమార్గమున మా ముదిగుబ్బ స్టేషను కలదు. పూర్వము మన రైలు స్టేషన్లలో తంతియంత్రము టకటకమని మ్రోగుచుండెడిది. ఊరిలో ఎవరి ఇంటికైనను తంతి వచ్చినదన్నచో, విప్పకముందే ఇంటివారి గుండె ఝల్లుమనెడిది. కరవుసీమ నుండి పనులకై దూరము పోయినవారి క్షేమమో, కష్టమో అందులో నుండునని భయము.

ఆ చప్పుడు వెనుకనున్న లిపిని అమెరికా చిత్రకారుడు శామ్యూల్ మోర్స్, తన సహచరుడు ఆల్‌ఫ్రెడ్ వెయిల్‌తో కలసి రూపొందించెను. 1844 మే 24న వాషింగ్టను నుండి బాల్టిమోరునకు వారి వార్త నడచెను. అంతకు ముందే, 1839లో, డాక్టరు విలియం ఓషానెస్సీ కలకత్తా వద్ద తీగపై సంకేతములు పంపి చూచెను. 1855లో మన దేశమున తంతి ప్రజలకు అందుబాటునకు వచ్చెను. 2013 జూలైలో ప్రభుత్వము తంతివార్తలను నిలిపివేసెను.

అయినను ఈ లిపిని వినోదముగా సాధన చేయువారు నేటికిని కలరు. ఇందు ఆంగ్లమున తరచుగా వచ్చు అక్షరములకు పొట్టి గుర్తులు కలవు. 'ఇ'కి ఒక్క చుక్క, 'టి'కి ఒక్క గీత. అరుదైన 'క్యూ'కు గీత, గీత, చుక్క, గీత. ఛందస్సు నెరిగినవారికి లఘువు, గురువు జ్ఞప్తికి వచ్చును. గురువు లఘువునకు రెండింతలైన, గీత చుక్కకు మూడింతలు. అక్షరముల నడుమ మూడు చుక్కల కాలము, మాటల నడుమ ఏడు చుక్కల కాలము ఆగవలెను.

మాట వినబడని హోరులో సైతము ఈ సంకేతము వినబడును. పంపెడి శక్తియంతయు ఒకే సన్నని స్వరమున కూడియుండుటయే కారణము. కనుకనే చిన్న బ్యాటరీతో నడచు యంత్రము సముద్రములను దాటి పలుకగలదు.

1983లో హైదరాబాదున జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ వెలసెను. 2004 డిసెంబరు 26న సునామీ అండమానును ముంచినపుడు, ఆ సంస్థ తరఫున అచటనే యున్న భారతీ ప్రసాద్ బృందము రేడియో ద్వారా క్షేమవార్తలను చేరవేసెను. స్తంభములు కూలిన వేళ ఇట్టి అభిరుచి ఊరికే అక్కరకు వచ్చును. 2003లో అంతర్జాతీయ సమావేశము ఈ లిపి పరీక్షను తప్పనిసరి కాకుండ చేసినను, ఇష్టముతో నేర్చువారు తగ్గిపోలేదు.

నేర్చుకొనగోరువారికి మేము చెప్పునది ఒక్కటే: కంటితో కాక చెవితో నేర్వుడు. కాగితముపై చుక్కలు లెక్కించువాడు వేగము నందుకొనజాలడు. చుక్కను 'డి' యనియు, గీతను 'డా' యనియు నోట పలుకుచు, దినమునకు పావుగంట సాధన చేయుడు. దీనికి అనుమతి అక్కరలేదు. రేడియో ద్వారా పంపుటకు మాత్రము ప్రభుత్వపు లైసెన్సు కావలెను. ఇంట ఇద్దరు కలసి నేర్చినచో, ఒకరు పలుకుటకును ఒకరు వ్రాసికొనుటకును వీలగును. సాధన త్వరగా సాగును.