అశ్వహృదయం

నలోపాఖ్యానం పాఠం చెప్పే ప్రతి సంవత్సరమూ విద్యార్థులలో ఎవరో ఒకరు లేచి అడుగుతారు: "హంస నిజంగా మాట్లాడిందా, మాష్టారూ?" పాతికేండ్లుగా ఈ ప్రశ్నకు నాది ఒకటే జవాబు: "దమయంతితో మాట్లాడింది. మనతో మాట్లాడకపోతే ఆ తప్పు హంసది కాదు." తరగతి నవ్వుతుంది, పాఠం సాగుతుంది. అదే కథలో గుర్రాలు కూడా ఉన్నవి. వాటిని గూర్చి మాత్రం ఇంతవరకు ఒక్కరూ అడుగలేదు. చాలాకాలం నేనూ వాటిని పట్టించుకోలేదు. పట్టించుకొనవలసిన అవసరం మా ఇంటి కుక్క వలన కలిగింది. ఆ సంగతి పిదప చెబుతాను.

గుర్రాల కథ చదువరులకు జ్ఞాపకం చేస్తాను. దమయంతికి ద్వితీయ స్వయంవరమన్న వార్త విని ఋతుపర్ణుడు ఒక్క పగటిలో విదర్భ చేరవలెనని తొందరపడినాడు. బాహుకుడన్న పేరుతో అతని కొలువులో ఉన్న నలుడు అశ్వశాలలోకి వెళ్ళి, బక్కచిక్కినట్లు కనబడే గుర్రాలను ఏరి తెచ్చినాడు. బలిసిన గుర్రాలు ఎన్నో ఉండగా ఇవేమిటని రాజు విసుగుకొన్నాడు. అందుకు తగినట్లే రథమెక్కేవేళకు అవి మోకాళ్ళ మీద కూలబడినవి. నలుడు కొరడా ఎత్తలేదు. వాటిని నిమిరి, బుజ్జగించి, పగ్గాలు చేతబట్టినాడు. తరువాత రాజుగారి ఉత్తరీయం జారిపడి, దానిని తెమ్మనేలోపలనే అది యోజనం వెనుకబడిపోయిందట! ఈ విద్యకు అశ్వహృదయమని పేరు. దానికి బదులుగా ఋతుపర్ణుడు తన అక్షహృదయాన్నే ఇచ్చివేసినాడు.

ఒక్క కథలోనే రెండు విధాల జంతువులున్నవి. హంస మన భాష మాట్లాడింది. గుర్రాలు ఒక్క మాటైనా పలుకలేదు. కుక్కనో పిల్లినో తెచ్చి పెంచుకొనే మనమందరమూ హంస కావలెనని కోరుకుంటాము. మనకు దక్కేది గుర్రం.

పెంపుడు జంతువుతో మనసుతో మనసు కలిపి మాట్లాడే విద్య నేర్పుతామని చెప్పేవారు ఈనాడు దేశదేశాలలో బయలుదేరినారు. కళ్ళు మూసుకొని, దాని ఛాయాచిత్రం ముందుంచుకొని, అది ఏమనుకొంటున్నదో చెబుతారట. వారి నిజాయితీని నేను శంకించను. కాని అట్టి అంతర్‌దృష్టి కలవారిని నేను చిన్ననాటనే చూచినాను. వారెవ్వరూ కళ్ళు మూసుకొనేవారు కారు.

మా అమ్మ సంగతే చెబుతాను. ఆమెకు అక్షరం ముక్క రాదు. మాకు రెండు పాడిగేదెలుండేవి. తెల్లవారుజామున కొట్టంలో అడుగు పెట్టగానే, దీపమైనా పెట్టకముందే, "దీనికి ఒంట్లో బాగాలేదురా" అనేది. నేను లాంతరు తెచ్చి చూచినా నాకేమీ కనబడేది కాదు. ఎట్లా తెలిసిందమ్మా అంటే, "తెలుస్తుందిలే" అని ఊరుకొనేది. అది ఏదో దివ్యజ్ఞానమని నేను నమ్మినాను. ఎంతో కాలానికి గాని గ్రహించలేదు: చీకటిలో ఆమె విన్నది నెమరు చప్పుడు. కాదు, నెమరు చప్పుడు లేకపోవడం. సుఖంగా పడుకొన్న పశువు నెమరు వేస్తూ ఉంటుంది. ఆ చప్పుడు ఆగిందంటే ఏదో జరిగినదన్నమాట. పిదప ముట్టె మీద చేయి వేసి తడి ఉన్నదా ఆరినదా అని చూచేది. చూలు గేదె తోక మొదట ఇరుప్రక్కలా గుంటలు పడితే ఆ రాత్రి మమ్ములను నిద్రపోనిచ్చేది కాదు. ఇవన్నీ ఆమె చూచేది, వినేది, తాకేది. కాని చూస్తున్నానని ఆమెకే తెలియదు. తెలిసినదాని ఫలితం మాత్రమే తెలిసేది.

ఆమె గేదెను చదివినట్లే గేదె కూడా ఆమెను చదివేది. ఒకసారి అమ్మ పెండ్లికని పొరుగూరు వెళ్ళింది. అక్క పాలు తీయడానికి కూర్చుంటే గేదె చేపలేదు. రెండు పూటలు అట్లాగే గడిచినవి. మూడవ పూట, పొరుగింటి పెద్దమ్మ చెప్పగా, అక్క అమ్మ చీర చుట్టుకొని చెంబు పట్టుకొని కూర్చున్నది. గేదె ఒకసారి మెడ త్రిప్పి వాసన చూచి చేపింది. బెదరిన పశువు రక్తంలో ఎడ్రినలిన్ పెరిగి, పాలను పొదుగులోనికి దింపే ఆక్సిటోసిన్ పనిని అడ్డుకుంటుందని శాస్త్రజ్ఞులు చెబుతారు. మా పెద్దమ్మకు ఆ పేర్లు తెలియవు. చీర సంగతి తెలుసు.

జంతువులు మనలను ఎంత సూక్ష్మంగా గమనిస్తవో లోకానికి ఋజువు చేసింది కూడా ఒక గుర్రమే. దాని యజమాని ఒక బడిపంతులు కావడం మనవారికి మరింత ఆసక్తి కలిగించే విషయం. బెర్లిన్ నగరంలో విల్‌హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అనే విశ్రాంత గణితోపాధ్యాయుడుండేవాడు. ఆయన తన గుర్రం హాన్స్‌కు నల్లబల్ల పెట్టి, బడిపిల్లవానికి చెప్పినట్లే ఏండ్ల తరబడి లెక్కలు చెప్పినాడు. అడిగిన లెక్కకు హాన్స్ గిట్టతో నేలను తట్టి జవాబు చెప్పేది. కూడిక, తీసివేత, భిన్నాలు, చివరకు తేదీలు కూడా! ఫాన్ ఓస్టెన్ ఎవరివద్దా ఒక్క కాసు పుచ్చుకొనలేదు. 1904లో మనస్తత్వ శాస్త్రజ్ఞుడు కార్ల్ స్టుంఫ్ నాయకత్వాన ఒక సంఘం పరీక్షించి, ఇందులో మోసమేమీ లేదని తేల్చింది. యజమాని ప్రక్కన లేకపోయినా, ఇతరులు అడిగినా, హాన్స్ జవాబు చెబుతూనే ఉన్నది.

రహస్యం ఛేదించినవాడు స్టుంఫ్ వద్ద పనిచేసిన ఆస్కర్ ఫుంగ్‌స్ట్. జవాబు తెలియనివాని చేత ప్రశ్న అడిగించినాడు. హాన్స్ తప్పు చెప్పింది. అడిగేవాడు కనబడకుండా కళ్ళకు ప్రక్కగంతలు కట్టినాడు. మళ్ళీ తప్పు చెప్పింది. ఫుంగ్‌స్ట్ గుర్రాన్ని విడిచి మనుష్యులను చూడసాగినాడు. ప్రశ్న అడిగినవాడు గిట్టను చూడడానికి తల కొద్దిగా వంచుతాడు. హాన్స్ తట్టడం మొదలుపెడుతుంది. సరియైన సంఖ్య రాగానే, తనకు తెలియకుండానే, అతని తల వెంట్రుకవాసి పైకి లేస్తుంది. హాన్స్ ఆగిపోతుంది. ఈ సంగతి తెలిసిన తరువాత కూడా ఫుంగ్‌స్ట్ తన తల కదలికను తానే పూర్తిగా ఆపుకొనలేకపోయినాడు. 1907లో ఆయన ఇదంతా గ్రంథంగా ప్రకటించినాడు. హాన్స్‌కు లెక్కలు రావని లోకమంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాదు. గుంపులో నిలిచిన పండితులెవ్వరికీ కనబడని కదలికను చూచినది ఆ గుర్రమొక్కటే గదా! ఫాన్ ఓస్టెన్ ఈ ఫలితాన్ని అంగీకరించకుండానే 1909లో మరణించినాడు. తన శిష్యుడు తన పాఠాన్ని కాక తన ముఖాన్ని నేర్చుకున్నాడని ఏ ఉపాధ్యాయుడు ఒప్పుకుంటాడు? నల్లబల్ల దగ్గర సుద్దముక్క పట్టుకొని, అంకె వేయబోతూ మన కళ్ళలోకి చూచే పిల్లవాడు మనకందరికీ పరిచయమే.

ఇక మేము పెంచిన కుక్క సంగతి. దాని పేరు మోతీ. వానకు తడిసి వీధిలో వణుకుతున్న పిల్లను మా చిన్నమ్మాయి గౌనులో చుట్టి తెచ్చింది. ఏ జాతి అని అడిగినవారికి "మన వీధి జాతి" అని చెప్పేది. ఎనిమిదేండ్లు మాతో కలిసి పెరిగింది. దానిని గూర్చి నాకు తెలియనిది లేదని నా నమ్మకం. నేను లేనప్పుడు చెప్పు కొరికితే, నేను రాగానే చెవులు వెనుకకు వాల్చి, తోక ముడిచి, తప్పు ఒప్పుకుంటుందని అందరికీ గొప్పగా చెప్పేవాణ్ణి. 2009లో అమెరికాలో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 14 కుక్కల మీద ఒక పరీక్ష చేసింది. తినవద్దన్న పదార్థం తినిందని యజమానికి చెబుతారు. కొన్నిసార్లు అది నిజం, కొన్నిసార్లు అబద్ధం. తేలినదేమంటే, కుక్క దొంగమొగం పెట్టడానికీ అది చేసిన పనికీ సంబంధం లేదు. యజమాని తిట్టినప్పుడు ఆ మొగం వస్తుంది. ఏ తప్పూ చేయకుండా తిట్లు తిన్న కుక్కలే ఆ మొగం ఎక్కువగా పెట్టినవి. నేను పశ్చాత్తాపమని చదివినది భయం. చెప్పు కొరికిన సంగతి మోతీ మరచిపోయి ఎంతసేపయిందో! దానికి కనబడినది గుమ్మంలో నిలిచిన నా భుజాలు, నా గొంతు.

2017 వేసవిలో మా అమ్మాయి అలవాటు ప్రకారం దాని మెడ చుట్టూ చేతులు వేస్తే మోతీ గుర్రుమన్నది. అన్నం పెట్టిన చేతిమీదనా అని నాకు మండిపోయింది. చేతిలోని ఆదివారం పత్రికను చుట్టగా చుట్టి మూతి మీద రెండు వేసినాను. మరునాడు మళ్ళీ గుర్రుమన్నది, మళ్ళీ వేసినాను. మూడవనాడు నోరు మెదపలేదు. "చూచినావా, బుద్ధి వచ్చింది" అని మా ఆవిడతో అన్నాను. ఆమె పలుకలేదు. నాలుగవనాడు, ఒక్క చప్పుడైనా లేకుండా, మోతీ అమ్మాయి ముంజేతిని కరిచింది.

గాయం చిన్నది కాదు. పొరుగువారు పసుపు అన్నారు, సున్నమన్నారు. మా ఆవిడ ఎవరి మాటా వినక, కుళాయి క్రింద చేయి పెట్టించి సబ్బుతో పావుగంటసేపు కడిగింది. ఉపాధ్యాయులు ఈ ఒక్క సంగతి పిల్లలకు తప్పక చెప్పవలెను. కుక్క కరిచినచోట ఏదీ పూయరాదు, కట్టు కట్టరాదు. సబ్బు, ధారగా పారే నీరు, పదిహేను నిమిషాలు. పిదప అదేరోజు ఆస్పత్రి. మోతీకి ఏటేటా టీకా వేయించినాము గాని, అమ్మాయికి సూదులన్నీ వేయించినాము. రేబిస్ లక్షణాలు పైకి కనబడిన తరువాత వైద్యం లేదు.

మోతీని ఏటి అవతల వదలిరమ్మని ఇరుగుపొరుగు చెప్పినారు. నాకూ ఆ ఆలోచన లేకపోలేదు. వదలేముందు ఒకసారి పశువైద్యునికి చూపుదామని పట్టుబట్టినది కరిపించుకొన్న పిల్లే. ఆయన చిన్న దీపం వేసి కుడిచెవిలోకి చూచి, నన్ను పిలిచి చూపించినాడు. లోపల చీము. "తల విదిలించేదా?" అన్నాడు. రెండు వారాలుగా విదిలిస్తున్నది. "ఒకవైపు తల వాల్చేదా?" వాల్చేది. కాలితో గోకుకొంటే గోమార్లనుకొన్నాను. "కరవబోయే ముందు గుర్రుమనలేదా?" నేను పత్రిక సంగతి చెప్పినాను. ఆయన మందుసీసా మూత బిగిస్తూ, "అయితే చెప్పిందన్నమాట" అన్నాడు. ఇంకొక మాట అనలేదు. అంటే బాగుండేది.

పదిరోజులలో చెవి మానింది. అమ్మాయి చేతి మచ్చ మానలేదు. మూడు వారాలకు ఆమె మోతీ ప్రక్కన కూర్చున్నది గాని, మెడ పట్టుకొనలేదు. చేయి చాచి ఊరుకొన్నది. అది వచ్చి వాసన చూచి, తనంతట తాను తల ఆనించింది.

ఆ తరువాతనే నేను ఈ విషయాలు చదవడం మొదలుపెట్టినాను. తోక ఊపే ప్రతి కుక్కా స్నేహంగా ఉన్నట్లు కాదు. 2007లో ఇటలీ శాస్త్రజ్ఞులు కనుగొన్న ప్రకారం యజమానిని చూచినప్పుడు కుక్క తోక కుడివైపుకు ఎక్కువగా ఊగుతుంది, పరిచయం లేని దిట్టమైన కుక్కను చూచినప్పుడు ఎడమవైపుకు. నిద్ర లేకుండా ఆవులించడం, ఎదుట ఏమీ లేకుండా మూతి నాకుకోవడం, కంటితెలుపు కనబడేట్లు ఓరగా చూడడం: ఇవన్నీ గుర్రుమనడానికి ముందు మాటలు. మన వీధికుక్కలు కూడా మన మీదనుండి చూపు మరల్చవు. ఎవ్వరూ నేర్పకుండానే అవి మనిషి వేలు చూపినవైపు పోగలవని కలకత్తా పరిశోధకులు 2020లో చూపినారు. పిల్లుల సంగతి వేరు. వాటిని గూర్చి చెప్పేటంత అనుభవం నాకు లేదు. పిల్లి గురగుర సుఖానికి మాత్రమే కాదు, బాధలో కూడా చేస్తుందని తెలిసి మాత్రం ఆశ్చర్యపోయినాను.

ఇప్పుడు నలోపాఖ్యానం చెప్పేటప్పుడు గుర్రాల దగ్గర కొంచెం సేపు ఆగుతాను. పరీక్షకు రాదని విద్యార్థులు గునుస్తారు. కూలబడిన గుర్రాలను చూచి నలుడు కొరడా ఎందుకు ఎత్తలేదని వారిని అడుగుతాను.

మోతీ 2021లో పోయింది. ఆ నాలుగేండ్లలో అది నాతో ఎప్పటివలెనే ఉన్నది, ఒక్కటి తప్ప. ఆదివారంనాడు నేను పత్రిక చదివి చుట్టగా చుట్టితే, ఎక్కడ పడుకొన్నా లేచి పెరటిలోకి పోయేది. అందుచేత పత్రికను నాలుగు మడతలు పెట్టడం అలవాటు చేసుకొన్నాను. ఇప్పటికీ మడతలే పెడుతున్నాను.