కరవు నేలలో కాలికి పట్టు బూజు

బూజు తడిని కోరునని మనమందరము ఎరుగుదుము. వాననీరు దిగిన గోడకును, ఆరని వేరుసెనగకాయకును బూజు పట్టుట చూచుచునే ఉన్నాము. సంవత్సరమునకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు అనంతపురము సీమలో, మెట్టచేలలో తిరుగు మనుష్యుని పాదమునకు బూజు ఏల పట్టవలెను? ఈ విషయమును పంచాయతీ సభ్యులు తెలిసికొనుట అవసరమని మేము భావించుచున్నాము. ఏలయన, అశ్రద్ధ చేసినచో కాలినే కోల్పోవలసి రావచ్చును.

పాదములకు వచ్చు బూజు వ్యాధులలో ముఖ్యమైనవి రెండు. మొదటిది తామర జాతికి చెందినది. చర్మపు పైపొరలోను, గోళ్లలోను ఉండు కెరటిన్ అను పదార్థమే ఈ బూజునకు ఆహారము. నేల ఎండియున్నను, మూసిన బూట్లలో చెమటపట్టిన పాదము తడిగానే ఉండును. మడికి నీరు కట్టువారి కాళ్లు గంటల తరబడి నానుచుండును. అప్పుడు వేళ్ల సందులు తెల్లబడి, చెడి, దురదపెట్టును. ఇది అంటువ్యాధి. ఒకరి తువాలును, చెప్పులను మరియొకరు వాడుటవలన వ్యాపించును. మధుమేహము గలవారు ఈ పగుళ్ల విషయమున మరింత జాగ్రత్త వహింపవలెను.

రెండవది మెట్టప్రాంతములలో కనబడునది. 1842లో మదురైలో గిల్ అను వైద్యుడు దీనిని వర్ణించుటచే 'మదురై పాదము' అను పేరు వచ్చినది. 1860లో వాన్‌డైక్ కార్టర్ అను వైద్యుడు, 'శిలీంధ్రపు గడ్డ' అను అర్థమున దీనికి 'మైసిటోమా' అని పేరిడెను. దీనిని కలిగించు సూక్ష్మజీవులు మంటిలో ఉండును. తుమ్మముల్లు చెప్పులులేని కాలిలో దిగినపుడు అవి చర్మము క్రిందికి చేరును. ముల్లు తీసివేసి మనము మరచిపోవుదుము. నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరములు గడచిన పిమ్మట అచ్చట గట్టి వాపు కనిపించును. సాధారణముగా నొప్పి ఉండదు గనుక రైతు పని మానడు, వైద్యుని చూడడు. తరువాత వాపుపై రంధ్రములు పడి, నలుపు, తెలుపు, పసుపు లేక ఎరుపు రంగుగల చిన్న రేణువులు చీముతో వెలువడును. అప్పటికి వ్యాధి ఎముకను చేరియుండవచ్చును.

ఇట్టి వాపులన్నిటికిని బూజే కారణము కాదు. కొన్నిటికి బాక్టీరియా కారణము. పరీక్షించినగాని ఏదియో నిర్ణయింపజాలము. రెంటికిని మందులు వేరు. వానిని నెలల తరబడి వాడవలెను. కొందరికి శస్త్రచికిత్స కూడ అవసరమగును. ఈ వ్యాధి ఒకరినుండి ఒకరికి అంటదు. కావున రోగిని దూరముగా నుంచుట అన్యాయము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో దీనిని నిర్లక్ష్యమునకు గురియైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చినది.

పంచాయతీ చేయదగిన పనులు కలవు. నడకదారులలో పడియున్న ముండ్లకంపను తొలగింపవలెను. చేనికి పోవు స్త్రీపురుషులు గట్టి అడుగుగల చెప్పులు తొడుగవలెనని గ్రామసభలో చెప్పవలెను. ముల్లు గ్రుచ్చుకొనినచో వెంటనే సబ్బుతో కడుగవలెను. పనినుండి వచ్చినవారు కాళ్లు కడిగి, వేళ్ల సందులను తుడిచి ఆరనీయవలెను. స్టీరాయిడ్ కలిసిన లేపనములను వైద్యుని సలహా లేక పూయరాదు. దురద తగ్గినట్లు తోచును గాని బూజు బలియును. ఆశా కార్యకర్తల సాయముతో, పాదమున మానని వాపు గలవారిని గుర్తించి, ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకును, అవసరమైనచో జిల్లా వైద్యశాలకును పంపవలెను. నొప్పి లేదుగదా యని ఊరకుండువారిని బయలుదేరదీయుట సభ్యుల బాధ్యత. మెట్టరైతునకు కాలు పోయినచో సేద్యమును పోవును.