వనితల సాహిత్య గోష్ఠులు

వ్యాకరణములు, నిఘంటువులు భాషకు నియమములను చూపును. కాని ఆ భాషను సొంపుగా పలుకు నేర్పు నలుగురు కూడి మాటాడుకొనుచోట అలవడును. విశ్వవిద్యాలయముల తలుపులు తమకు మూసియున్న కాలమున స్త్రీలు అట్టి కూటములను తామే ఏర్పరచుకొనిరి. వారి మాటతీరు దేశభాషల వచనమునకు క్రొత్త నడక నేర్పెను. ఇట్టి చరిత్ర ఫ్రాన్సు దేశమున ఒకటి, మన బాపట్లలో ఒకటి కలవు.

17వ శతాబ్ది ఆరంభమున పారిసు నగరమున కేథరిన్ ద వివొన్ అను ఉన్నతవంశపు స్త్రీ యుండెను. ఆమె రాంబుయే ప్రభువు భార్య. ఆనాటి రాజసభలోని మొరటు మాటలు, మోటు నడవడి ఆమెకు రుచింపలేదు. ఆమె తన భవనమునందలి నీలిగదిలో కవులను, పండితులను, గౌరవకుటుంబముల స్త్రీపురుషులను ఆహ్వానించి ఆదరించెడిది. ఇట్టి గోష్ఠులకు తరువాత ‘సాలన్’లను పేరు వచ్చెను. అచ్చట క్రొత్త రచనలను చదివి వినిపించెడివారు. ఏ సందర్భమునకు ఏ మాట తగునో చర్చించెడివారు. ఎదుటివారికి విసుగు పుట్టకుండ, మనస్సు నొవ్వకుండ, చెప్పదలచినది తేటగా చెప్పుటయే అచ్చటి మర్యాద.

ఆ గోష్ఠులలో మెలగిన స్త్రీలు గొప్ప రచయిత్రులైరి. మదలేన్ ద స్కుదెరి తన యింట శనివారములందు గోష్ఠి జరిపెడిది. ఆమె తొలి నవలలు మాత్రము ఆమె సోదరుని పేరిట వెలువడెను. స్త్రీ తన పేరిట గ్రంథమును ప్రకటించుట ఆనాడు అంత సులభము కాదు. మదాం ద సెవిన్యే దూరమున నున్న తన కుమార్తెకు వ్రాసిన లేఖలు, ఎదుట కూర్చుండి మాటాడుచున్నట్లే యుండును. నేడవి ఫ్రెంచి వచనమునకు మేలుబంతులు. అయితే కొందరు సొగసు పేరిట కృత్రిమమైన పలుకులకు దిగిరి. అట్టివారిని 1659లో మోలియేర్ తన ప్రహసనమున పరిహసించెను.

ఆ శతాబ్దిలోనే తంజావూరున రఘునాథ నాయకుని ఆస్థానమున రామభద్రాంబ, విజయరాఘవ నాయకుని ఆస్థానమున రంగాజమ్మ కావ్యములు రచించిరి. కాని వారికి ఆశ్రయము రాజసభ. సామాన్య గృహిణులు కూడి చదువుకొనుటకు, చర్చించుటకు తగిన చోటు తెలుగునాట బహుకాలము లేదు. 20వ శతాబ్ది ఆరంభమున స్త్రీ సమాజములు తలయెత్తెను. 1902లో మచిలీపట్టణమున భండారు అచ్చమాంబ మొదలగువారి పూనికతో బృందావన స్త్రీ సమాజము వెలసెను.

కృష్ణా డెల్టాలో కొల్లూరు, రేపల్లె, తెనాలి ప్రాంతములకు చేరువనున్న బాపట్లలో 1896లో కనుపర్తి వరలక్ష్మమ్మ జన్మించెను. 1909లో ఆమెకు వివాహమయ్యెను. అట్లు పసివయస్సుననే సంసారమున ప్రవేశించినను ఆమె చదువును విడువలేదు. 1931లో బాపట్లలో ‘స్త్రీహితైషిణీ మండలి’ని నెలకొల్పెను. స్త్రీల మేలుకోరునది అని ఆ పేరునకు అర్థము.

వరలక్ష్మమ్మ ‘లీలావతి’ అను పేరుతో ఆంధ్రపత్రికలో ‘మా చెట్టునీడ ముచ్చట్లు’ వ్రాసెను. పారిసు గోష్ఠికి ప్రభుభవనము చోటైనట్లు, ఈ ముచ్చట్లకు చెట్టునీడ చోటయ్యెను! 1928లో మదరాసున డాక్టరు కె.ఎన్. కేసరి స్థాపించిన ‘గృహలక్ష్మి’ మాసపత్రికలో ఆమె ‘శారద లేఖలు’ వెలువడెను. శారద అను స్త్రీ తన నెచ్చెలికి వ్రాసిన జాబులుగా అవి నడచును. 1934లో గృహలక్ష్మి స్వర్ణకంకణమును మొట్టమొదట అందుకొన్న గౌరవము ఆమెకే దక్కెను.

ఆ లేఖలు ఊసుపోక వ్రాసినవి కావు. స్త్రీవిద్య, బాల్యవివాహములు, ఖద్దరు, అస్పృశ్యత వంటివి వాని విషయములు. 1929లో వచ్చిన చట్టము ఆడపిల్లకు 14 ఏండ్లు నిండనిదే వివాహము చేయరాదని విధించెను. దానిపై దేశమంతట వాదోపవాదములు చెలరేగెను. ఇట్టి సంగతులను ఉపన్యాసరీతిని గర్జించి చెప్పిన, పెద్దలు కోపగింతురు. అధికారముతో శాసించిన, గృహిణులు బెదరుదురు. నెచ్చెలికి వ్రాయు జాబులో కోపము లేదు, బెదరింపు లేదు. చదువు స్త్రీ ఒంటరిగా వంటయింట కూర్చున్నను, ఆ జాబు ఆమెను గోష్ఠిలోనికి చేర్చుకొనును. రాంబుయే ప్రభువు భవనమునకు పిలుపు అందినవారే పోగలరు. పత్రికలోని లేఖ ఏ యింటికైనను పోగలదు.

మాటకు సొగసు కఠినపదముల కూర్పు వలన రాదు. వినువారియందు గౌరవముంచి, వారికి తెలియునట్లు, నిజమును దాచకుండ చెప్పుటవలన వచ్చును. 1978లో వరలక్ష్మమ్మ కన్నుమూసెను. ఆమె మన్నించి పిలిచిన స్త్రీల కుమార్తెలు, మనుమరాండ్రు నేడు కళాశాలలందు విద్యార్థినులుగనే కాక అధ్యాపకురాండ్రుగను కూర్చుండియున్నారు. విద్యార్థులారా! మీరొక జాబు వ్రాయునపుడు, దానిని చదువువారు మీ యెదుట కూర్చుండియున్నట్లు తలంపుడు. మంచి వచనమునకు అదియే తొలిపాఠము.